ఊపిరి బిళ్ళ

మబ్బు పట్టిందంటే ఆ ప్రాంతంలో రొయ్యల రైతులందరూ తలెత్తి ఆకాశం చూస్తారు. హైమవతి ఒక్కతే తల దించుకుని తన గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది.

ఆ రోజూ అంతే. ల్యాబు బల్ల మీద పాత కూల్ డ్రింకు సీసాల్లో పద్నాలుగు చెరువుల నీళ్ళున్నాయి. సీసాలకి అంటించిన ప్లాస్టరు ముక్కల మీద రైతుల పేర్లు రాసి ఉన్నాయి. ఆమె గాజు గొట్టంలోకి మందు చుక్కలు లెక్కపెట్టి వేస్తోంది. పదకొండో చుక్క దగ్గర ఊపిరి ఆగింది. నొప్పి లేదు, మంట లేదు. గట్టు మీద నడుస్తూ నడుస్తూ మెత్తటి మట్టిలోకి కాలు దిగబడినట్టు, లోపలికి వెళ్ళాల్సిన గాలి ఎక్కడో దిగబడిపోయింది. కిటికీలోంచి చూస్తే కొల్లేటి వైపునుంచి నల్లగా కమ్ముకొస్తోంది.

"ఏం, ఆగిపోయావ్?" అన్నాడు సూరిబాబు. అతను గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఎవరిదో ఏరేటర్ మోటారు విప్పుతున్నాడు.

"చుక్కల లెక్క తప్పిందండీ. మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి."

సగం నిజమే. మిగతా సగం ఆమె నాలుగు నెలలుగా మొగుడి దగ్గర దాస్తోంది.

సూరిబాబు ఏరేటర్ల మెకానిక్. హైమవతి జంతుశాస్త్రం చదివింది. చేపల మొప్పల మీద పరిశోధన చేస్తూ చేస్తూ, పెళ్ళై, సగంలో వదిలేసి వచ్చింది. తాటిగరువు సెంటర్లో రెండు గదులు అద్దెకి తీసుకుని నీళ్ళ పరీక్షల ల్యాబు పెట్టి ఇరవయ్యేళ్ళయింది. మధ్యలో అందరిలాగే వాళ్ళకీ ఆశ పుట్టింది. రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని రొయ్య వేశారు. మొదటి పంట తెగులుతో పోయింది. రెండోది పోయిన తీరే వేరు.

చెరువు కూడా ఊపిరి తీస్తుంది. ఎండ కాస్తే నీటిలో పచ్చదనం ప్రాణవాయువు విడుస్తుంది, మబ్బేస్తే అదే పచ్చదనం తిరిగి లాక్కుంటుంది. ఆ లాక్కోవడం గట్టిగా జరిగిందా, వెంటనే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు, రైతులు ఫ్యాన్లంటారు, తిప్పకపోతే గంటలో పంటంతా తెల్లగా తేలుతుంది. నీటిలో గాలి తగ్గితే ఫోనుకి అలారం పంపించే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. సూరిబాబూ ఒకటి కొని పెట్టాడు. అది రోజుకి పది సార్లు మోగేది, తొమ్మిది సార్లు ఉత్తుత్తినే. ఒక మబ్బు రోజు మధ్యాహ్నం బాబాయి కూతురి పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు అది మోగింది. మోగుతూనే ఉంది. స్కూటరు డిక్కీలో. వాళ్ళు తాంబూలాలు తీసుకుని గట్టు మీదికి వచ్చేసరికి కాకులు దిగి ఉన్నాయి.

"ఫోను నోరు నొక్కెయ్యొచ్చు. ఒంటి నోరు నొక్కలేం కదా" అన్నాడు సూరిబాబు ఆ తరవాత వారానికి, ఏడవలేక నవ్వుతూ. హైమవతి ఆ మాటని నవ్వులోంచి తీసి పక్కన పెట్టుకుంది. వెనక వరండాలో రెండేళ్ళ పాటు ఇద్దరూ దానిమీదే కూర్చున్నారు. ఆమె మొప్పల చదువు, అతని చేతి పని.

తయారైంది పదిరూపాయల నాణెమంత బిళ్ళ. మెడ ఎముక కింద అతికించుకోవాలి. చెరువులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. ఫోను సిగ్నలు ఉంటే చాలు, బెండు ఎంత దూరాన ఉన్నా బిళ్ళకి తెలుస్తుంది. నీటిలో గాలి తగ్గే కొద్దీ బిళ్ళ నరాన్ని తాకుతుంది, మనిషికి ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. నిజంగా ఆగదు, అనిపిస్తుంది. మనిషి లేచి పరుగెత్తడానికి అది చాలు.

మొదట పెట్టుకున్నది హైమవతే. మళ్ళీ రొయ్య వేసి, నూట పది రోజులు చెరువుని గుండెల మీద మోసింది. బిళ్ళకి మంగళసూత్రం గొలుసు తగులుకుంటోందని పిన్నీసుతో పక్కకి గుచ్చుకుంది. జాకెట్టు మెడ కిందికి దింపమంటే దర్జీ సాంబయ్య, "ఈ వయసులో ఫ్యాషనేంటమ్మగారూ" అని గొణిగాడు. మూడు మబ్బులు వచ్చాయి, మూడుసార్లూ పంట నిలబడింది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నాల్లో చెరువు నిండుగా గాలి పీల్చుకుంటే ఆమె ఛాతీ కూడా అలాగే నిండేది. పుట్టి బుద్ధెరిగి అంత సుఖంగా ఊపిరి తీసుకున్నది లేదు. వంట చేస్తూ చేస్తూ గరిటె పట్టుకుని అలా నిలబడిపోయేది.

నీళ్ళు దించి వలలతో పంట పట్టిన రోజు బిళ్ళ తీసేసింది. అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఆమె ఒళ్ళు చెరువు కోసం ఎదురు చూడ్డం మొదలుపెట్టింది. అటునుంచి కబురు వస్తే తప్ప గాలి తీసుకోనని మొరాయించింది. మూడు రోజులు "ఇప్పుడు తీసుకో, ఇప్పుడు వదులు" అని తనకి తనే చెప్పుకుంటూ కూర్చుంది. జలుబు చేసి రొమ్ము పట్టేసిందని సూరిబాబుకి చెప్పింది. అతను వాము కాచి ఇచ్చాడు. మెల్లిగా తగ్గింది. పూర్తిగా పోలేదు. మబ్బు పడితే చాలు, ఎక్కడో ఏ చెరువుతోనో చుట్టరికం ఇంకా తెగనట్టు ఊపిరి తడబడుతుంది.

చెప్పలేదెందుకంటే, ఆ వారమే రామభద్రరాజు గారి మనిషి వచ్చాడు.

రామభద్రరాజు గారివి, బంధువులవి కలిపి మూడు వందల చెరువులు. పన్నెండు చెరువులకి బిళ్ళలు పెట్టి చూస్తారు, పంట గట్టెక్కితే మొత్తం మూడు వందలకీ ఆర్డరు. పని చేసుకోవడానికి తన పాత రైసుమిల్లు షెడ్డు కూడా ఇస్తానన్నారు. రోజులు బాగాలేవు. పై దేశం వాడు ఓ పన్ను పెంచాడంటే పొద్దున్న ఉన్న రేటు సాయంత్రానికి ఉండదు. కరెంటు ఎప్పుడుంటుందో, వాన ఎప్పుడొస్తుందో, తెచ్చిన రొయ్యపిల్ల మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు. అలాంటి రోజుల్లో ఇంటికి నడిచొచ్చిన మాట అది. సూరిబాబు అప్పుడే వెళ్ళి ఆ షెడ్డుకి బోర్డు ఎక్కడ తగిలించాలో చూసొచ్చాడు. హైమవతి ఎవరికీ చెప్పలేదు గానీ, పేటెంటు దరఖాస్తులో 'కనిపెట్టిన వ్యక్తి పేరు' అని ఉండే గడిలో తన పేరు ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూసుకుంది. తరవాత చింపేసింది.

బిళ్ళతో పాటు ఇచ్చే కాగితంలో ఆమె ఇలా రాసింది: 'రైతు సోదరులకు మనవి. ఒక మనిషికి ఒక చెరువే. పట్టుబడికి నీళ్ళు దించకముందే బిళ్ళ తీసివేయవలెను.' ఎందుకు తీసెయ్యాలో, తీస్తే ఏమవుతుందో రాయలేదు.

* * *

చుక్కల లెక్క తప్పిన ఆ మధ్యాహ్నమే, పంట వేసిన ఎనభై రెండో రోజున, లెక్కలు తీసుకోవడానికి ఇద్దరూ రాజు గారి చెరువుల మీదికి వెళ్ళారు. సూరిబాబు బెండ్లు చూస్తుంటే హైమవతి ఏరేటర్లు ఎప్పుడు తిరిగిందీ నమోదు చేసే పెట్టెలోంచి లెక్కలు తీసి చదివింది. గాలి తగ్గిన ప్రతిసారీ నిమిషం తిరక్కుండా ఏరేటర్లు తిరిగాయి. పన్నెండు చెరువుల్లోనూ. తను కూడా ఇంత చురుగ్గా లేవలేదు.

రామభద్రరాజు గారు రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొబ్బరిబొండం తాగుతున్నారు.

"రండి హైమవతి గారూ. మీ బిళ్ళ బంగారమండీ! ఒక్క రొయ్య తేలితే ఒట్టు. మా బావగారు కుళ్ళి చచ్చిపోతున్నాడనుకోండి."

"మీకు ఎలా ఉందండీ? ఛాతీ బరువుగా గానీ, తీసుకునే గాలి..."

"నాకా?" ఆయన నవ్విన నవ్వుకి కొబ్బరినీళ్ళు పంచె మీద ఒలికాయి. "నా గుండెకి రెండు స్టెంట్లు వేశారమ్మా. నేనెక్కడ పెట్టుకుంటాను? కాపలా వాళ్ళకి పెట్టాం. గట్టు మీద ఉండేది వాళ్ళే కదండీ. నేను భీమవరంలో ఊపిరాడక కొట్టుకుంటుంటే ఇక్కడ ఫ్యాను ఎవడు వేస్తాడు చెప్పండి?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇరవయ్యేళ్ళుగా హైమవతి గట్ల మీద తిరుగుతోంది. సీసా ముంచి నీళ్ళిచ్చేది కాపలా మనిషి, మేత చల్లేది కాపలా మనిషి, ఫ్యాను వేసేదీ అతనే. అయినా బిళ్ళ పెట్టుకునే మనిషిని ఊహించుకున్నప్పుడల్లా ఆమె కళ్ళకి ఇస్త్రీ చొక్కా వేసుకున్న రైతే కనిపించాడు.

కొస చెరువు దగ్గరి షెడ్డులో ఉంటున్నది అప్పలనాయుడు, అతని పెళ్ళాం నూకరత్నం. బొబ్బిలి అవతలి నుంచి వచ్చినవాళ్ళు. అప్పలనాయుడు నీళ్ళలోకి దిగి మేత చల్లుతుంటే చెమటకీ తడికీ బిళ్ళ ఊడిపోతోందని పెళ్ళానికి అంటించారు. పక్క రెండు చెరువుల కాపలా వాళ్ళు ఒంటరి మగాళ్ళు, వాళ్ళకీ అదే ఇబ్బంది. వాళ్ళ బిళ్ళలు కూడా నూకరత్నానికే అంటించారు.

ఆమె మంచం పట్టె మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. రెండేళ్ళ పిల్ల చెరువు వైపు పోకుండా నడుముకి పాత చీర కట్టి, కొస మంచం కోడుకి ముడేసింది. మెడ కింద మూడు బిళ్ళలు వరసగా ఉన్నాయి, కాసులపేరులాగా. ఊపిరి ముక్కలు ముక్కలుగా తీస్తోంది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, మళ్ళీ ఒక పొట్టిది.

"కూకోండి ల్యాబమ్మా" అంది నవ్వుతూ. "ఈటిని మీరే సేసినారంట కదా. ఒక్కోటి ఒక్కో రకమమ్మా. తూరుపు సెరువు పెద్దమనిసి, నెమ్మదిగా ఉంటాది. మజ్జినది పిసినిగొట్టు, ఇయ్యనే ఇయ్యదు. ఇదుగో, ఈ కొసది ఉన్నాది సూడండి, అచ్చం మా అత్తే. పొద్దస్తమానం పీకుతానే ఉంటాది."

హైమవతి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. ఆ మాటలు చెప్పడానికి నూకరత్నం నాలుగుసార్లు ఆగి గాలి తీసుకుంది.

"రెండు తీసేద్దాం నూకరత్నం. ఒకటి చాలు."

"అయ్యో, ఒద్దమ్మా! బిళ్ళకింతని జీతం మీద ఏసి ఇత్తన్నారు. ఈ పంట దాకా ఓర్సుకుంటే మావూరి బడి ముంగట ఇడ్లీ పొయ్యి ఎట్టుకుంటాను. ఎన్నాళ్ళని గట్ల మీద పడుంటామేటి?" బెండకాయ తొడిమ తీస్తూ తలెత్తింది. "దీనివల్ల ఏటీ అవదు కదమ్మా?"

పిల్ల మంచం కోడు చుట్టూ తిరుగుతూ తనే కట్టు బిగించుకుంటోంది. హైమవతి దాని వైపు చూస్తూ చెప్పింది.

"పట్టుబడికి ముందు తీసెయ్యాలి. అంతే."

* * *

సాయంత్రం వంటింట్లో పోపు పెడుతూ హైమవతి మొగుడికి మొత్తం చెప్పేసింది. వాము కషాయం రోజుల దగ్గర్నుంచి, పొద్దున్న పదకొండో చుక్క దాకా. పొయ్యి వైపు తిరిగే చెప్పింది. చెప్పడం అయ్యేసరికి మిరపకాయలు మాడిపోయాయి.

సూరిబాబు చేతులకున్న గ్రీజు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

"ఇంకెవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు. మీకు చెబితే అప్పుడే ఆపేస్తారని..."

"ఇంకో ఇరవై రోజులాగు. పంట పట్టెయ్యనీ, ఆర్డరు చేతికి రానీ. తరవాత బిళ్ళ మార్చుకుందాం, బాగు చేసుకుందాం."

ఆమె గిరుక్కున తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ తను దాచింది ఈ మనిషి ఆపేస్తాడన్న భయంతో. ఆపకపోతే ఏమిటన్నది ఒక్కసారి కూడా తోచలేదు.

"ఆ నూకరత్నానికి మూడున్నాయండీ."

"చూశాను."

"ఒక్కదానికే నాకు..."

"చూశానంటున్నాగా!" అని, గొంతు తగ్గించాడు. "నలభై తొమ్మిదేళ్ళు హైమా నాకు. ఒకసారి తెగులు, ఒకసారి మబ్బు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టమంటే నావల్ల కాదు. మంచివాణ్ణి కాదనుకుంటావా, అనుకో."

అన్నం తిన్నాడు. పోపు మాడిందని అనలేదు, మారు కూడా వడ్డించుకున్నాడు. ఆమెకి అదే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు హైమవతి రాజు గారి మేనేజరుకి ఫోన్ చేసి, వారానికొక బిళ్ళ చొప్పున నూకరత్నానికి మెల్లిగా మాన్పించాలని చెప్పింది. "అలాగేనండీ" అన్నాడతను. రెండు రోజులాగి మళ్ళీ చేసింది. "అలాగేనన్నాను కదండీ" అన్నాడు. ఎందుకని అతను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. చెప్పకుండా వదిలిన ఆ ఒక్క మాటకీ తనే కాపలా కాసినట్టయింది.

తొంభై మూడో రోజు పదిగంటలకి అప్పలనాయుడు ఫోన్ చేశాడు.

"అమ్మా, తూములెత్తేసినారు. రేటు పడిపోతాదంట, పన్నెండు సెరువులూ ఇయ్యాలే పట్టేత్తన్నారు. మా ఆడది గిలగిల్లాడిపోతన్నాది. బిళ్ళలు తియ్యొద్దంటన్నారమ్మా, ఆఖరి వల దాకా ఉంచాల్నంట!"

ఎందుకు ఉంచమన్నారో హైమవతికి వెంటనే అర్థమైంది. నీళ్ళు దించేస్తే రొయ్యంతా అడుగున కుప్పపడుతుంది. ఐసులోకి వెళ్ళకముందే చచ్చిన రొయ్యకి రేటు ఉండదు. గాలి ఎప్పుడు తగ్గుతుందో, ఏ ఫ్యాను ఆఖరిదాకా తిప్పాలో చెప్పడానికి బిళ్ళకి మించిన గడియారం లేదు.

సూరిబాబు అప్పటికే స్కూటరు తీశాడు.

గట్టు మీద ఐసు లారీలు, వలలవాళ్ళు, అరుపులు. మబ్బు లేదు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. నూకరత్నం షెడ్డు గుంజకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు మాత్రం దిగిపోతున్న నీళ్ళ మీదే ఉన్నాయి. మూడు చెరువులు ఒక్కసారే ఖాళీ అవుతున్నాయి ఆమెలో. పక్కన పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"కాస్త ఓర్చుకోమంటే డ్రామా అండీ" అన్నాడు మేనేజరు.

అప్పలనాయుడు వంగి ఒక బిళ్ళ అంచు పట్టుకున్నాడు. "నాను పీకేత్తానమ్మా!"

"పీకకు!" హైమవతి అతని చెయ్యి పట్టుకుని లాగేసింది. "పీకితే దాని ఒళ్ళు ఊపిరి తియ్యడమే మర్చిపోతుంది. నాకు తెలుసు. నాకదే జరిగింది. ఒక్క బిళ్ళకే మూడు రోజులు చచ్చి బతికాను, దీనికి మూడున్నాయి!"

గట్టంతా వినపడేటట్టు అరిచింది. అటు నుంచి వస్తున్న రామభద్రరాజు గారు ఆగిపోయారు. సూరిబాబు భార్య మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

బెండు నీళ్ళలోంచి బయటికి తీస్తే బిళ్ళ మూగపోతుంది, పీకేసినట్టే. దొంగలెత్తుకుపోతే తెలియాలని అతనే పెట్టిన ఏర్పాటు అది. అంటే బెండుని నీళ్ళలో ఉంచే తేవాలి, మంచి నీళ్ళలోకి మార్చాలి. షెడ్డులో తాగేనీళ్ళ నీలం డ్రమ్ము ఉంది. రొయ్యపిల్లని తెచ్చేటప్పుడు వాడే చిన్న గాలిమోటారు లారీ డ్రైవరు దగ్గర దొరికింది. దాన్ని డ్రమ్ములో వేసి తిప్పి, బకెట్టు పట్టుకుని సూరిబాబు చెరువులోకి దిగాడు.

"వలకి అడ్డం రాకయ్యా!" అని కేకలేశారు వలలవాళ్ళు. అతను మొలలోతు నీళ్ళలో వెళ్ళి, బకెట్టు ముంచి, అందులోకి బెండుని తోసుకుని వచ్చాడు. అది డ్రమ్ములో పడగానే నూకరత్నం భుజాలు అంగుళం దిగాయి. హైమవతి ఆమెని వెనకనుంచి రొమ్ముకి ఆనించుకుని కూర్చుంది. "నాతో పాటు తియ్యి. నా రొమ్ము కదలడం నీ వీపుకి తగులుతోందా, అలాగే. తియ్యి. వదులు" అంటోంది.

రెండోది వచ్చింది. మూడోది కొస చెరువుది. దాంట్లో నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. బురదలో రొయ్యలు చిటచిటలాడుతూ ఎగురుతున్నాయి. సూరిబాబు రెండుసార్లు జారి పడ్డాడు. రెండోసారి పడినప్పుడు బకెట్టు ఒలికింది. నూకరత్నం మెడ వెనక్కి వాలి, బిగుసుకుపోయింది. హైమవతి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిది దాకా లెక్కపెట్టింది. ఎవరో వలవాడు తన టబ్బులోని నీళ్ళు బకెట్టులో గుమ్మరించాడు.

బెండు డ్రమ్ములో మునిగి తేలింది. నూకరత్నం గాలి తీసుకుంది. ఆ చప్పుడుకి పిల్ల ఏడుపు మానేసి చూసింది.

రామభద్రరాజు గారు దగ్గరికొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "ఇలా అవుతుందని ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే మీరు ఆర్డరు ఇవ్వరని" అంది హైమవతి తలెత్తకుండా.

"భలేవారే. ఇవ్వకపోవడమేంటండీ?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మధ్యలో మనిషిని మార్చేవాణ్ణి."

* * *

నూకరత్నం, పిల్ల, నీలం డ్రమ్ము హైమవతి ఇంటి వెనక గదిలోకి వచ్చాయి. మిగతా తొమ్మిది చెరువుల వాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్క బిళ్ళే కాబట్టి, కొన్నాళ్ళు అవస్థపడి తేరుకున్నారని కబురొచ్చింది. రోజూ బెండ్లని నీళ్ళలోంచి ఎత్తి పట్టుకోవడమే వైద్యం. మొదటి రోజు ఒక్క ఊపిరి సేపు. రెండో రోజు రెండు. మూగపోయిన ఆ కాసేపట్లో ఆమె ఊపిరి ఆమే తీసుకోవాలి. కరెంటు పోతే గాలిమోటారు ఆగిపోయేది. అప్పుడు సూరిబాబు సైకిలు పంపు తీసుకుని డ్రమ్ములోకి గాలి కొట్టేవాడు. ఒకసారి మధ్యాహ్నం రెండుగంటల సేపు కరెంటు రాలేదు. అతను చెమటలు కారుతూ కొడుతుంటే నూకరత్నం, "మా ఇంటాయన ఇన్నేళ్ళలో నాకు ఇసనకర్రతో కూడా ఇసరనేదు బాబూ" అంది. సూరిబాబు నవ్వలేదు. పంపు వదిలి, మొహం తుండుగుడ్డలో దాచుకుని, మళ్ళీ కొట్టాడు.

ఆ రోజుల్లోనే రామభద్రరాజు గారు ఆర్డరు కాగితాలు పట్టుకుని స్వయంగా వచ్చారు. పన్నెండు చెరువులూ రేటు పడకముందే అమ్ముడుపోయాయట. వెనక గదిలోకి తొంగి చూసి, పళ్ళ సంచి గుమ్మం దగ్గర పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు.

హైమవతి కాగితాలు తీసుకోకుండా మొగుడి వైపు చూసింది. రైసుమిల్లు షెడ్డు తాళాలు కూడా ఆ కాగితాల మీదే ఉన్నాయి.

"చెయ్యమండీ" అన్నాడు సూరిబాబు.

"బాగు చేసి ఇవ్వండి."

"బాగు చెయ్యడం మాకు తెలీదండీ. తియ్యడమే ఇంకా సరిగ్గా తెలీలేదు."

రాజు గారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. లేస్తూ, "మీరు చెయ్యకపోతే చేసేవాడు లేడనుకోకండి" అన్నారు. అందులో బెదిరింపేమీ లేదు, ఉన్నమాట చెప్పారంతే. ఆయన దగ్గరున్న బిళ్ళల్లో ఒకటి అప్పటికే ఎవరో విప్పి చూస్తున్నారు.

వానాకాలం పంటకల్లా వేరెవరో చేసిన ఎర్ర బిళ్ళలు వచ్చేశాయి. చవక. కాగితం కూడా ఇవ్వరు. హైమవతి తెలిసిన ఆఫీసులన్నిటికీ ఉత్తరాలు రాసింది. ఒక ఆఫీసు నుంచి కమిటీ వేస్తామని జవాబొచ్చింది. ల్యాబు గోడకి పెద్ద అక్షరాలతో తన సంగతంతా రాసి అంటించింది. రైతులు సీసాలు బల్ల మీద పెట్టి, అది మొత్తం చదివి, "ఎర్రవి ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగారు. వాళ్ళని తిట్టలేకపోయింది. వాళ్ళ మొహాల్లో ఉన్నది పెళ్ళిభోజనం నుంచి తిరిగొచ్చిన రోజున సూరిబాబు మొహంలో ఉన్నదే.

వెనక గదిలో డ్రమ్ములు అయిదయ్యాయి. నూకరత్నం మెడ కింద ఇప్పుడు మూడు తెల్లటి మచ్చలు తప్ప ఏమీ లేవు. అప్పలనాయుడు దగ్గర్లోనే వేరే రైతు దగ్గర పనికి కుదిరాడు. ఊరికెళ్ళి పొయ్యి పెట్టుకోవే అంటే, "మబ్బుల కాలంలో బస్సెక్కి అంత దూరం ఎల్లనేనమ్మా, దారిలో ఊపిరాగిపోతే?" అంటుంది. వచ్చిన ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టేది ఆమే. వచ్చేవాళ్ళందరూ ఆడవాళ్ళే.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఇంకో అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వెనక మొగుడు రెండు చేతులా బకెట్టు పట్టుకుని వచ్చాడు. బకెట్టులో నీళ్ళు, నీళ్ళలో ఒక బెండు.

నూకరత్నం లేచి చాప పరిచింది. "కూకో సెల్లీ. ఏ సెరువు నీది?"

ఆ అమ్మాయి మాట్లాడలేక నాలుగు వేళ్ళు చూపించింది.

హైమవతి బకెట్టులోకి మళ్ళీ చూసింది. "మిగతా మూడూ ఏవయ్యా?"

"సెరువుల్లోనే ఉన్నాయమ్మా. అయ్యగారు తియ్యనివ్వనేదు."

"ఎంత దూరం?"

"పదేను కిలోమీటర్లుంటాది."

బయట వెలుతురు తగ్గుతోంది. సూరిబాబు అప్పటికే ఖాళీ డ్రమ్ముని స్కూటరు ముందు నిలబెట్టి తాడు చుడుతున్నాడు. హైమవతి గాలిమోటారు సంచిలో వేసుకుని, చీర చెంగు దోపుకుని వెనకెక్కింది. బండి సందు మలుపు తిరిగే దాకా వెనక గదిలోంచి నూకరత్నం గొంతు వినపడుతూనే ఉంది.

"నన్ను సూడు. నాతో తియ్యి. ఇప్పుడు ఒగ్గెయ్. మళ్ళా తియ్యి."